తలనూనె సొమ్ముతో కథల పోటీలు: ఒక పాత అనుభవం, ఇప్పటి పాఠం

సాహిత్య చరిత్ర రాసేటప్పుడు మనం రచయితల్ని, గ్రంథాల్ని, ఉద్యమాల్ని లెక్కలోకి తీసుకుంటాం. ఆ గ్రంథానికి కాగితం ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఆ రచయిత చేతికి మొదటి రూపాయి ఎక్కణ్ణుంచి వచ్చింది అనే ప్రశ్నల్ని మాత్రం పక్కన పెడతాం. డబ్బు ప్రస్తావన వస్తే సాహిత్యం మైలపడుతుందన్న భావం మనలో బలంగా ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరి ఇరవై ఏళ్లలో, ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో పత్రికలు, వ్యాపార సంస్థలు నడిపిన రచనల పోటీల్ని ఆధారంగా తీసుకుని ఈ భావాన్ని పరీక్షించాలన్నది నేటి నా ప్రయత్నం. నా వాదం ఒక్కటే. సరుకు అమ్ముకునేవాడి సొమ్ముతో బహుమతి ఇచ్చినంత మాత్రాన రచన చెడదు. షరతులు దాచినప్పుడు, తీర్పు చెప్పవలసిన మనిషి చదవడం మానేసినప్పుడు చెడుతుంది. షరతును బాహాటంగా చెప్పి, తీర్పును చదువరి చేతిలో పెట్టిన చోట ఆ సొమ్ము కొత్తవాళ్లకు తలుపు తెరిచింది.

ముందుగా ఆ కాలపు పత్రికా వ్యాపారం ఎలా మారిందో చూడాలి. 1893లో అమెరికాలో ఫ్రాంక్ మన్సీ తన మాసపత్రిక ధరను 25 సెంట్ల నుంచి ఒక్కసారిగా 10 సెంట్లకు తగ్గించాడు. అచ్చు ఖర్చు కూడా పాఠకుడి దగ్గర రాబట్టని ధర అది. లోటును పూడ్చింది ప్రకటనలు. చవకగా దొరికితే ఎక్కువమంది కొంటారు, ఎక్కువమంది కొంటే ప్రకటనకు ఎక్కువ రేటు అడగవచ్చు అన్నది లెక్క. అప్పటిదాకా పత్రిక పాఠకుడికి రచనను అమ్మేది. ఇప్పుడు పాఠకుల సంఖ్యను ప్రకటనదారుకు అమ్మడం మొదలుపెట్టింది. కాగితం చవకవడం, అచ్చుయంత్రాల వేగం పెరగడం, రైళ్లు, తపాలా విస్తరించడం, చదవడం వచ్చిన కొత్త తరం బడుల నుంచి బయటికి రావడం ఈ మార్పుకు తోడ్పడ్డాయి. ఇలాంటి వ్యాపారంలో చందాదారుల సంఖ్యే ప్రాణం. ఆ సంఖ్యను త్వరగా పెంచే ఉపాయాల్లో పోటీ ఒకటి. కాబట్టి పోటీ పుట్టుకే ప్రచారం కోసం జరిగింది. ఈ మాటను ఒప్పుకోవడానికి మనం సిగ్గుపడనక్కర్లేదు. పుట్టుక ఏదైనా, అది పెరిగి ఏమైందో చూసి తీర్పు చెప్పాలి.

లండన్‌లో ఈ ఉపాయాన్ని పెద్ద ఎత్తున నడిపినవాడు జార్జి న్యూన్స్. 1881లో మొదలుపెట్టిన ఆయన ‘టిట్‌బిట్స్’ వారపత్రిక 1883లో ఒక ఇంటినే బహుమతిగా పెట్టింది. మంచి కథ పంపినవారికి ఇల్లు. ఆ ఇంటికి పత్రిక పేరు పెట్టాలన్నది షరతు. కథ పంపినవాడి సొంతదే కావాలన్న నియమం మాత్రం లేదు. ఎక్కడో అచ్చయినదాన్ని ఏరి పంపినా సరిపోయేది. 1888లో ఆల్‌ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ ‘ఆన్సర్స్’ పత్రిక పెట్టి, మరుసటి ఏడే మరో పోటీ ప్రకటించాడు. ఫలానా రోజున బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులో ఉన్న బంగారం, వెండి విలువ ఎంతో ఊహించి చెప్పినవారికి బతికినంత కాలం వారానికో పౌను ఇస్తామన్నాడు. ప్రతి సమాధానం మీద మరో ఐదుగురి సంతకాలు, చిరునామాలు ఉండాలన్నాడు. పాల్గొన్న ప్రతి మనిషీ ఇంకో ఐదుగురికి పత్రిక సంగతి చెప్పక తప్పదన్నమాట. ఏడు లక్షలకు పైగా సమాధానాలు వచ్చాయి. ఆ తర్వాత ఆర్థర్ పియర్సన్ వారపత్రిక ఒక వాక్యంలో ఒక్క మాట ఖాళీ వదిలి, షిల్లింగు చొప్పున ప్రవేశ రుసుము కట్టించుకుని, ఆ మాట పూరించినవారికి పోగైన సొమ్ము పంచింది. 1892 డిసెంబరులో లండన్ బో స్ట్రీటు న్యాయస్థానం అది లాటరీయేనని తేల్చింది.

ఈ మూడు ఉదాహరణల్నీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. మూడింటిలోనూ ప్రచారం ఉంది, బహుమతి ఉంది, జనం ఉన్నారు. ఒక కొత్త రచయిత పుట్టడానికి కావలసిన ఏర్పాటు మాత్రం లేదు. బంగారం విలువ ఊహించడంలో చదవవలసినదేమీ లేదు. ఖాళీ పూరించడంలో అదృష్టానికి ఉన్న చోటు తెలివికి లేదు. ఎత్తి రాసిన కథకు ఇల్లు ఇచ్చినప్పుడు ఆ బహుమతి రచయితకు చేరనే లేదు. అయితే ఇవి పనికిమాలినవయింది వ్యాపారం వల్లనే అని తీర్మానించే ముందు, అదే దశకంలో, అంతకన్నా బాహాటమైన వ్యాపార ఉద్దేశంతో మన దేశంలోనే నడిచిన మరో పోటీని చూడాలి.

కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ అనే వ్యాపారి ఉండేవాడు. హెచ్. బోస్ పేరుతో ప్రసిద్ధుడు. ‘కుంతలీన్’ తలనూనె, ‘దెల్‌ఖోష్’ అత్తరు, ‘తాంబులీన్’ అనే తాంబూలపు సుగంధం ఆయన సరుకులు. సైకిళ్లు అమ్మాడు, అచ్చుయంత్రం పెట్టాడు, గ్రామఫోను తొలి రోజుల్లో మైనపు గొట్టాల మీద పాటలు ముద్రించి రవీంద్రనాథ్ ఠాగూరు గొంతును పట్టి ఉంచాడు. సత్యజిత్ రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్‌కు ఆయన బావమరిది వరస. 1896లో ఆయన ‘కుంతలీన్ పురస్కారం’ పేరుతో కథల పోటీ మొదలుపెట్టాడు. గెలిచిన కథల్ని ఏటా ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేసేవాడు. పోటీ షరతు చాలా స్పష్టం. కథలో ఎక్కడో ఒకచోట కుంతలీన్, దెల్‌ఖోష్ ప్రస్తావన రావాలి. ఆ ప్రస్తావన వల్ల కథ అందం ఏమాత్రం చెడకూడదు. చదివేవారికి అది ప్రకటనలా అనిపించనూ కూడదు. వ్యాపారి తన కోరికను దాచలేదు, పోటీ నియమాల్లోనే రాసిపెట్టాడు. అదే నియమాల్లో తన కోరికకు హద్దూ గీశాడు. సరుకు పేరు కథకు లోబడి ఉండాలి గాని కథ సరుకుకు లోబడకూడదన్నాడు. ఆ రెండో భాగమే ఈ పోటీని లండన్ పోటీల నుంచి వేరు చేసింది.

మొదటి ఏడు బహుమతి వచ్చిన కథను దగ్గరగా చూద్దాం. రాసినవాడు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్న జగదీశ్ చంద్ర బోస్. కథ రచయిత పేరు లేకుండా అచ్చయింది. బంగాళాఖాతంలో పెద్ద తుఫాను పుట్టిందని, కలకత్తా మీదికి వస్తోందని వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. ఊరంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంది. తుఫాను రాదు. ఎందుకు రాలేదో శాస్త్రవేత్తలకు అంతుపట్టదు. పత్రికలు తలో సిద్ధాంతం రాస్తాయి. అసలు సంగతి కథకుడికి తెలుసు. జ్వరంతో జుట్టు రాలిపోయి, గాలి మార్పు కోసం సింహళానికి ఓడ ఎక్కాడు. కూతురు సామానులో కుంతలీన్ సీసా ఒకటి సర్దిపెట్టింది. నడిసముద్రంలో ఓడ తుఫానులో చిక్కుకుంది. నీటి మీద నూనె పోస్తే అలలు అణుగుతాయని ఎప్పుడో చదివిన వ్యాసం అతనికి గుర్తొచ్చింది. సీసా నూనె సముద్రంలో కుమ్మరించాడు. కెరటాలు చల్లబడ్డాయి, తుఫాను జాడ లేకుండా పోయింది. వంగభాషలో వైజ్ఞానిక కల్పనకు తొలి ఉదాహరణల్లో ఒకటిగా విమర్శకులు ఈ కథను లెక్కిస్తారు.

ఇక్కడ సరుకు పేరు కథలో ఏ పని చేసిందో గమనించండి. ఎవరో ఒక పాత్ర అద్దం ముందు నిలబడి నూనెను మెచ్చుకోవడంతో జగదీశ్ చంద్రుడు షరతు తీర్చి ఊరుకోవచ్చు. ఆయన ఆ సీసాను కథకు ఇరుసు చేశాడు. ద్రవాల ఉపరితలం గురించి తనకు తెలిసిన శాస్త్రాన్ని, తుఫానుకు వణికే ఊరి భయాన్ని, పెద్దమనుషుల సిద్ధాంత చర్చల్ని ఆ చిన్న సీసా చుట్టూ తిప్పాడు. షరతు ఆయన ఊహను కట్టేయలేదు, దానికో గమ్యం ఇచ్చింది. ఇందుకు మరో రుజువు ఆయనే ఇచ్చాడు. 1921లో ‘అవ్యక్త’ అనే తన సంపుటంలో ఈ కథను సవరించి, పారిపోయిన తుఫాను అనే అర్థం వచ్చే కొత్త పేరుతో చేర్చినప్పుడు, నూనె పేరు మార్చి ‘కుంతల కేశరి’ అనే కల్పిత నామం పెట్టాడు. కంపెనీ పేరు పోయింది, కథ మిగిలింది. ప్రకటన కోసమే అల్లిన కథ అయితే, ఆ పేరు తీసేశాక నిలబడడానికి ఆధారం ఉండేది కాదు.

తెలుగు పాఠకులకు ఇంకా దగ్గరైన ఉదాహరణ శరత్ చంద్ర చట్టోపాధ్యాయ. చక్రపాణి వంటి అనువాదకుల చేతుల మీదుగా, తర్వాత 1953 నాటి ‘దేవదాసు’ చిత్రం మీదుగా ఆయన మన ఇంటి రచయిత అయిపోయాడు. శరత్ బాబు బతుకుతెరువు వెతుక్కుంటూ బర్మాకు బయలుదేరే ముందు ‘మందిర్’ అనే కథ రాసి, తన పేరు పెట్టక, మేనమామ సురేంద్రనాథ్ గంగోపాధ్యాయ పేరుతో కుంతలీన్ పోటీకి పంపాడు. 1903లో దానికి బహుమతి వచ్చింది. ఈ కథలోనూ అత్తరు సీసాలున్నాయి. గుడిలో పూజ చేసే పేద యువకుడు ప్రేమతో తెచ్చిన కానుక అది. దాన్ని అందుకోవలసిన మనిషి నిరాదరిస్తుంది. అమ్మకం కోసం రాసే ప్రకటనలో సరుకును చేతులారా కాదనే మనిషిని ఎవరూ చూపరు. ఆ పని చేసిన కథకే వ్యాపారి పోటీలో బహుమతి దక్కింది. దాన్ని ఎంచినవాడు జలధర్ సేన్, వంగ పత్రికా సంపాదకుడు. ఆయన ముందున్నది ఎవరూ ఎరగని పేరు, దాని వెనక ఇంకా ఎవరూ ఎరగని మనిషి. పేరు చూసి ఇచ్చే వీలు లేదు, కథ చదివి ఇవ్వవలసిందే. మానకుమారి బసు వంటి స్త్రీలకు కూడా ఈ పోటీలో బహుమతులు వచ్చాయి. 1903లోనే రవీంద్రనాథ్ ఠాగూరు కుంతలీన్ పుస్తకానికి ‘కర్మఫల్’ రాసి 300 రూపాయలు పుచ్చుకున్నారు. ప్రసిద్ధుడికి ప్రతిఫలం, అజ్ఞాతుడికి అవకాశం ఒకే మూటలోంచి వచ్చాయి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గౌరవానికి సంబంధించింది. తలనూనె పేరు చేర్చమంటే చేర్చడం రచయితకు తగునా, రాజాస్థానాల్లో వెలిగిన కవిత్వం అంగడి మెట్లు దిగవలసి వచ్చిందే అని బాధపడేవారున్నారు. వారి బాధలో నిజాయితీ ఉంది. కాని మన ప్రబంధం నిర్మాణాన్నే వారు ఒకసారి తలచుకోవాలి. అవతారికలో కృతిపతి వంశవర్ణన, ఆ తర్వాత షష్ఠ్యంతాలు, ప్రతి ఆశ్వాసం మొదట్లోనూ చివరా ఆయన్ను సంబోధించే పద్యాలు. డబ్బిచ్చినవాడి పేరు కావ్యంలో ఎన్నిసార్లు, ఏయే చోట్ల రావాలో సంప్రదాయమే స్థిరపరచింది. పెద్దన గారి మనుచరిత్ర కృష్ణదేవరాయలకు అంకితమైనందువల్ల వరూధిని పాత్ర చిన్నది కాలేదు. పోషకుడి పేరు చేర్చే కట్టుబాటులో ఉంటూనే మహాకవులు మహాకావ్యాలు రాశారు. అంకితం ఇవ్వకుండా నిలిచినవారిని మనం గౌరవిస్తాం, గౌరవించాలి. ఇచ్చినవారి కావ్యాల్ని మాత్రం పారేయలేదు కదా. పైగా రాజపోషణకు, పోటీ బహుమతికి ఒక పెద్ద తేడా ఉంది. ఆస్థానంలో కాలు పెట్టాలంటే కులం, చుట్టరికం, సిఫారసు, రాజధానిలో నివాసం కావాలి. పోటీలో పాల్గొనడానికి కాగితం, తపాలా బిళ్ల చాలు. భాగల్‌పూర్ కుర్రవాడు శరత్, కళాశాల ఆచార్యుడు, ఇంటి గడప దాటని స్త్రీ ఒకే వరసలో నిలబడగలిగారు.

ఈ తలుపు మన దగ్గర కూడా అదే దశకంలో తెరుచుకుంది. రాజమహేంద్రవరంలో న్యాపతి సుబ్బారావు పంతులు గారు 1891లో ‘చింతామణి’ మాసపత్రికను స్థాపించారు. కందుకూరి వీరేశలింగం గారు సంపాదకులు. అప్పటికి తెలుగులో నవల అనే ప్రక్రియకు వయసు పదిహేనేళ్లు కూడా లేదు. వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్ర’ 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడడం మొదలైంది. దాని తర్వాత చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ప్రయత్నాలు. నవలలు రాసి పంపండి, ఎంపికైనదానికి బహుమతి ఇస్తాం అని చింతామణి ప్రకటించింది. 1893లో ఖండవల్లి రామచంద్రుడు గారి ‘ధర్మవతీ విలాసము’ బహుమతి పొందింది. 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ‘రామచంద్ర విజయము’ గెలిచింది. ఆయన ‘హేమలత’ కూడా ఈ పోటీ ఫలమే. అప్పటికి నాటకకర్తగా పేరున్న చిలకమర్తి వారిని నవలాకారుడిగా నిలబెట్టినవి చింతామణి బహుమతులు. ఈ పోటీలో అమ్మవలసిన నూనె లేదు, అత్తరు లేదు. పత్రికకు పాఠకులు కావాలి, పాఠకులకు నవల అలవాటు కావాలి. పోటీ ఆ రెండింటికీ ప్రచారం చేసింది. మన నవలా చరిత్రలో ఆ కొద్ది సంవత్సరాల్ని తీసేస్తే, వీరేశలింగం గారికి, తర్వాతి తరానికి మధ్య పెద్ద ఖాళీ కనిపిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. గెలిచి నిలిచినవారి పేర్లు చెప్పి పోటీల్ని మెచ్చుకోవడం న్యాయమా, ప్రతి పోటీకీ మూసకథలు గుట్టలుగా వచ్చి ఉంటాయి, బహుమతి పొందిన రచనల్లోనూ చాలా భాగం ఇవాళ ఎవరూ చదవరు కదా అని అడగవచ్చు. ఈ మాట నిజం. చింతామణి నవలల్లో ఈనాటి పాఠకుడు ఇష్టంగా చదివేవి తక్కువే. కాని పోటీని కొలవవలసింది మహాకావ్యాల సంఖ్యతో కాదని నా అభిప్రాయం. ప్రతిభను పుట్టించే శక్తి ఏ పోటీకీ లేదు. ఎవరూ పట్టించుకోని ప్రతిభకు ఒక గడువు, ఒక కొలత, ఒక చదువరి దొరికేలా చేయడమే పోటీ చేయగలిగింది. ‘మందిర్’కు బహుమతి వచ్చినంత మాత్రాన శరత్ రాత్రికి రాత్రి ప్రసిద్ధుడు కాలేదు. 1907లో ‘భారతి’ అనే వంగ పత్రికలో ‘బడదిది’ వచ్చే దాకా పాఠకలోకం ఆయన్ను గుర్తించలేదు. అయినా తాను రాసింది తన బంధుమిత్రుల వలయం బయట ఒక పరాయి మనిషి చదివి ఒప్పుకున్నాడన్న భరోసా, రాసేవాడికి తక్కువ సంగతి కాదు. మూసరచనల సంగతికి వస్తే, అవి పోటీలు లేని కాలంలోనూ దండిగా వచ్చాయి. ప్రబంధ యుగం చివర్లో వచ్చిన అనుకరణలకు ఏ నూనె కంపెనీ కారణం?

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైంది. దానికి నేను పూర్తి సమాధానం ఉన్నట్టు మాట్లాడను. ప్రకటనదారు డబ్బు మీద బతికే పత్రిక ఆ ప్రకటనదారును విమర్శించగలదా? ఆ కాలపు ప్రకటనల్లో సింహభాగం మందులవి. అన్ని రోగాలకూ ఒకే సీసా అని చెప్పి మద్యం, మత్తుపదార్థం కలిపిన ద్రావకాల్ని అమ్మినవారు అమెరికాలో ఎందరో. అక్కడి పత్రికలు చాలాకాలం నోరు మెదపలేదు. ఈ లోకంలోనుంచే మార్పు కూడా వచ్చింది. ‘లేడీస్ హోమ్ జర్నల్’ సంపాదకుడు ఎడ్వర్డ్ బాక్ హయాంలో, 1892లో, ఆ పత్రిక ఇలాంటి మందుల ప్రకటనల్ని తీసుకోవడం మానేసింది. 1905లో ‘కాలియర్స్’ వారపత్రికలో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ ఈ మోసాన్ని బయటపెడుతూ వరస వ్యాసాలు రాశాడు. 1906లో ఆహారం, ఔషధాల శుద్ధతకు చట్టం రావడానికి ఆ వ్యాసాలు బలమైన కారణాల్లో ఒకటి. అనేకమంది ప్రకటనదారులున్న పత్రిక ఒకరిని వదులుకోగలదు. ఒక్కడి మీదే బతికే పత్రికకు ఆ తెగువ కష్టం. ఆ ఒక్కడే యజమాని అయినప్పుడు ఆయన స్వభావమే పత్రిక స్వభావం అవుతుంది. ఇది ప్రమాదమే. దాన్ని తక్కువ చేసి చెప్పడం సత్యం కాదు.

ఈ ప్రమాదం ఎదుట నిలబడి గెలిచిన ఉదాహరణ తెలుగువారికి ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత సభల్లో శ్రోతలకు ఉచితంగా పంచి ఆ పసుపు లేపనాన్ని ఇంటింటికీ అలవాటు చేశారు. ఆ లాభంతో 1908లో అక్కడే ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికను స్థాపించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపి, 1924లో ‘భారతి’ని ప్రారంభించారు. తెలుగు పండితులు, ఆధునిక కవులు, చరిత్రకారులు, భిన్నాభిప్రాయాల విమర్శకులు అదే పత్రికలో చోటు పొందారు. తలనొప్పి మందు అమ్మిన సొమ్ము తెలుగు పరిశోధనకు కాగితమై నిలిచింది. ఆయన తర్వాత మద్రాసులోనే డాక్టర్ కె.ఎన్. కేసరి గారు, ‘లోధ్ర’ అనే స్త్రీల మందుతో సంపాదించి, 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రిక స్థాపించారు. 1934 నుంచి రచయిత్రులకు స్వర్ణకంకణం బహూకరించారు. మొదటి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మ గారికి దక్కింది. స్త్రీలకు మందు అమ్మేవాడు స్త్రీల పత్రిక నడపడంలో వ్యాపార ప్రయోజనం ఉంది, ఒప్పుకుందాం. ఆ ప్రయోజనంతో పాటే, స్త్రీ రాసినదాన్ని బహిరంగ సభలో గౌరవించే ఆచారం ఏర్పడింది. ఆ రెండో ఫలితం మొదటిదాని కన్నా ఎక్కువ కాలం నిలిచింది.

ఇంతదాకా చూసిన సాక్ష్యం ఏం చెబుతోంది? డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న. ఆ డబ్బు ఏ నియమాల మీద నడిచిందన్నది మరో ప్రశ్న. మంచిచెడ్డల్ని నిర్ణయించింది రెండోదే. లండన్ వారపత్రికల పోటీల్లో గెలుపుకు చదువరి అక్కర్లేకపోయింది. వాటి నుంచి సాహిత్యం రాలేదు. కుంతలీన్ పోటీలో షరతు నియమాల్లోనే కనిపించింది, కథ చదివే మనిషి ఉన్నాడు, తెలియని పేరుకు తెలిసిన పేరుతో సమానంగా తూకం దక్కింది. అక్కడ జగదీశ్ చంద్రుడు, శరత్ చంద్రుడు దొరికారు. చింతామణిలో నవల దొరికింది. భారతి, గృహలక్ష్మి పత్రికల వెనక ఉన్న వ్యాపారులు తమ పత్రికను తమ సరుకు కన్నా పెద్దదిగా చూశారు. అందుకే వాటిని మనం ఇవాళ సరుకు పేరుతో కాక సాహిత్యం పేరుతో తలుస్తున్నాం.

ఇవాళ తెలుగులో కథల పోటీలకు కొదవ లేదు. పత్రికలు, సంఘాలు, ప్రవాసాంధ్ర సంస్థలు, ఆత్మీయుల స్మృతిలో కుటుంబాలు ఏటా బహుమతులు ప్రకటిస్తున్నాయి. నిర్వాహకులందరికీ ఈ వేదిక మీదినుంచి నా విన్నపం ఇది. మీకు ఏ ఇతివృత్తం కావాలో, ఏది వద్దో దాచకుండా ప్రకటనలోనే చెప్పండి. నిర్ణేతల పేర్లు ఫలితాలతో పాటు వెల్లడించండి. రచయిత పేరు నిర్ణేతకు తెలియకుండా రచనను పంపండి. గెలిచిన కథ మీద హక్కు రాసినవారికే వదలండి. ఎందుకు ఎంచారో నాలుగు వాక్యాలు రాసి అచ్చు వేయండి, ఓడినవారు వాటి నుంచే ఎక్కువ నేర్చుకుంటారు. దాతలు ఎవరైనా రండి, మీ పేరు గౌరవంగా వేస్తాం. తీర్పు మాత్రం చదివేవారికి వదిలేయండి. హెచ్. బోస్ అనే తలనూనె వ్యాపారి నూట ఇరవై ఏళ్లకు పైగా క్రితమే పాటించిన మర్యాద ఇది. మనం పాటించలేమనడానికి కారణం ఏదీ లేదు.